అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మ

వశిష్ఠా గోదావరి సముద్రమున కలియుచోట అంతర్వేది క్షేత్రమున్నది. శ్రీ లక్ష్మీనృసింహస్వామి అచ్చట కొలువై యున్నాడు. మాఘశుద్ధ దశమి రాత్రి జరుగు స్వామివారి కల్యాణమును, మరునాటి భీష్మైకాదశి రథోత్సవమును సేవింప కోనసీమ పల్లెల నుండియు, గోదావరి కావలి తీరముల నుండియు భక్తులు వేలకొలదిగా తరలివత్తురు. నేడు వంతెనలున్నవి, బస్సులున్నవి. ఉదయమున బయలుదేరినవారు స్వామిని దర్శించి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. నూటయేబది యేండ్ల క్రిందట ఆ యాత్ర యిట్టిది కాదు. ప్రతి పాయ యొద్దను పడవకై వేచియుండవలెను. పడవ దిగిన పిమ్మట కాలినడకయో, ఎడ్లబండియో, కలవారైనచో పల్లకి. వెంట తెచ్చుకొన్న అటుకులును పులిహోరయు మొదటినాటితోనే సరి. మధ్యాహ్నమునకు ఏ యూరు చేరుదుమో, రాత్రికి ఎవరి అరుగుమీద మేను వాల్తుమో యాత్రికునకు తెలియదు. పసిబిడ్డలున్న సంసారులకు ఆ మార్గమున అన్నపు చింతయే పెద్ద చింత.

అట్టి బాటసారు లెరిగిన యిల్లొకటి లంకల గన్నవరములో నుండెను. ఏ వేళ పోయినను ఆ యింట పొయ్యి చల్లారి యుండదని, పిలిచి పెట్టు చేయి అచ్చట నున్నదని ఊరూర చెప్పుకొనెడివారు. ఆ యింటి యిల్లాలు డొక్కా సీతమ్మ. ఆమె సత్రము కట్టించిన జమీందారిణి కాదు, మఠాధిపతి కాదు, గ్రంథకర్త్రి కాదు. తన వంటయింట వండిన అన్నమును వచ్చినవారికి వడ్డించిన గృహిణి. ఆ ఒక్క పనియే జీవితాంతము చేసినది.

సీతమ్మ 1841వ సంవత్సరము అక్టోబరు నెలలో రామచంద్రపురము తాలూకా మండపేటలో జన్మించెను. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరముగారిని ఊరివారు ఆ పేరుతో పిలిచిన దరుదు. ఆకలితో వచ్చినవానికి లేదనక అన్నము పెట్టెడివారగుటచే ఆయనకు బువ్వన్న యను పేరు వచ్చెను. బువ్వ యనునది పసిబిడ్డల మాట. నోరు తిరుగని శిశువు ఆకలిగొన్నపుడు మొదట నేర్చు మాటలలో అది యొకటి. బిరుదులనేకము గల మన దేశములో అంతటి బిరుదు మరియొకటి కానరాదు.

ఆ బువ్వకు ఆ దినములలో ఉన్న విలువ నేటివారు ఊహించుట కష్టము. సీతమ్మ పుట్టుటకు తొమ్మిదేండ్ల ముందు, 1832-33లో, నందన నామ సంవత్సరపు కరవు తెలుగుదేశమును పాడుపెట్టెను. గుంటూరు సీమలో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ యయ్యెను. కడుపులు వీపుల కంటుకొనిపోయినవి గావున జనులు దానిని డొక్కల కరవు అనిరి. (ఈ పేరునకును సీతమ్మ మెట్టినింటి పేరునకును ఏ సంబంధమును లేదు.) 1839లో వచ్చిన పెనుతుఫాను కోరంగి రేవును ముంచివైచెను. గోదావరి నిండుగా ప్రవహించుచునే యుండెను గాని ఆ నీరు పొలమునకెక్కు త్రోవ లేక సముద్రము పాలగుచుండెను. ఒకయేడు వరద, ఒకయేడు ఎండ. ఆ కరవును కన్నులార చూచిన తరము మండపేట అరుగులమీద ఇంకను బ్రతికియున్న కాలములో బువ్వన్న యింట ఆ బాలిక పెరిగెను.

ఆమెకు బడిచదువు లేదు. తల్లిదండ్రులు చెప్పిన కథలు, నేర్పిన పాటలు, పద్యములు, పెద్దబాలశిక్ష - ఇంతియే విద్య. నరసమ్మగారు సీతమ్మ బాల్యముననే పరమపదించిరి. ఇంటి బాధ్యత చిన్నపిల్ల భుజములపై పడినది. తండ్రి పెట్టుచేయి ముడుచుకొనలేదు. కావున వండుచేయి కూతురిది కావలసివచ్చినది. ఎందరు వత్తురో ముందుగా తెలియని యింట ఎసరు పెట్టుట యెట్లో, కొలిచిన బియ్యముపై మరియొక గిద్దెడు వేయుట యెందులకో, వండిన పప్పును పదిమందికి సరిపెట్టుట యెట్లో ఆమె ఆ యీడుననే నేర్చెను. ఆ నేర్పు ఏ గురువును బోధించునది కాదు.

వివాహ వృత్తాంతమును గోదావరి జిల్లావారు ముచ్చటగా చెప్పుకొందురు. లంకల గన్నవరము కాపురస్థులు డొక్కా జోగన్న పంతులుగారు వేదము చదివినవారు, భూవసతి గలవారు, స్వయముగా సేద్యము చేయించుకొను రైతు. ఒకమారు పండితసభకు పోయి తిరిగివచ్చుచు మండపేట చేరునప్పటికి మధ్యాహ్న భోజనవేళ యయ్యెను. అలసటయు ఆకలియు మిక్కుటము. ఈ యూరిలో ఎవరింటికి పోవుదునని ఆలోచింపగా బువ్వన్నగారి పేరు స్ఫురించెను. అచ్చటికేగిరి. పిలువని అతిథికి ఆదరముతో కాళ్ళకు నీళ్ళిచ్చి, విస్తరి వేసి, కొసరి వడ్డించినది ఆ యింటి కన్య. ఆ వినయమును, ఆ ఓర్పును జూచి జోగన్న పంతులుగారు ఆమెను తమ యింటి లక్ష్మిగా తెచ్చుకొనవలెనని సంకల్పించిరి. పెద్దలు మాటలాడుకొనిరి, వివాహము జరిగెను. విస్తరి ముందు కుదిరిన సంబంధము అది. పండితులు, భూస్వామి యగు ఆయన కట్నమును గాక పెట్టుగుణమును చూచుకొని వచ్చిన సంగతి ఆ తరువాతి కథకంతకును మూలము.

సీతమ్మ కాపురమునకు వచ్చిన నాటికి కోనసీమ రూపు మారుచున్నది. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరము వద్ద ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. అచ్చట నుండి కాలువలు బయలుదేరినవి. గన్నవరము వద్ద వైనతేయ పాయ అడ్డము రాగా, నలువది తొమ్మిది కమానులతో నదిమీదుగా అక్విడక్టు కట్టి కాలువ నీటిని ఆవలి లంకకు దాటించిరి. క్రింద నది, మీద కాలువ. ఆనాటి జనులకది విడ్డూరము. నీరు పారిన చోటులలో వరి పండెను. గాదెలు నిండెను. గాదె నిండినంత మాత్రమున చేయి సాగదు, అది అందరెరిగినదే. గన్నవరములో మాత్రము గాదెయు నిండెను, దానిని తెరచు చేయియు వచ్చెను.

గన్నవరము పాయల నడుమ నున్న యూరు. అంతర్వేదికి పోవు యాత్రికులు, రేవు దాటు వర్తకులు, ఆబ్దికములకును సభలకును పోవు పండితులు, పనికై లంకలలో తిరుగు కూలివారు, పెండ్లిండ్లకు తరలివెళ్ళు బంధువర్గములు - ఎవరైనను ఆ ప్రాంతమున ఆగవలసినదే. పడవ తప్పినచో రాత్రియంతయు అచ్చటనే. కనుక ఆకలి గల మనిషి ఆ గుమ్మమునకు ఒక వేళ యని లేక వచ్చును. సత్రములలో సైతము అన్నమునకు వేళ యుండును. గంట కొట్టిన పిదప వచ్చినవాడు మరునాటివరకు వేచియుండవలసినదే. సీతమ్మ యింట ఆ నియమము లేదు.

వేళ లేదనుట వినుటకు సులభము. ఆచరణలో నున్న కష్టము వంట చేసినవారికి తెలియును. అగ్గిపెట్టె అంగట దొరకని దినములు. నిప్పును కుంపటిలో బూడిద కప్పి తెల్లవార్లు కాపాడుకొనవలెను. ధాన్యమును ఇంటనే దంచుకొనవలెను, చెరుగుకొనవలెను. వానకాలమున కట్టెలు తడియకుండ చూచుకొనవలెను. పాలు తోడుపెట్టి, చిలికి, మజ్జిగ ఎప్పుడును సిద్ధముగా నుంచవలెను. వేసవిలో ఆవకాయ, మాగాయ సంవత్సరమునకు సరిపడ జాడీల కెత్తవలెను. అర్ధరాత్రి వచ్చినవానికి కూర లేకున్నను ఊరగాయ, మజ్జిగ ఉన్నచో విస్తరి నిండును. అరటియాకులు కోయించి యుంచుకొనవలెను. ఇవన్నియు ఒకనాటి పండుగకు గాక ఏడాదిలో ప్రతిదినమును జరుగవలెను. ఆ పనియంతయు సీతమ్మ చేతి మీదుగా నడచెను. వండిన దంతయు అయిపోయి, ఇంటివారు తినబోవు వేళ మరి నలుగురు వచ్చినచో, మరల ఎసరు పెట్టవలసినదే. చద్ది యున్నదిగదా అని వచ్చినవారికి అది పెట్టి తాము వేడిది తినుట ఆమె ఎరుగదు.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. మిగిలినది పెట్టుట వేరు, మిగులునట్లు వండుట వేరు. మొదటిది మంచిదే, పారవేయుటకంటె ఎవరి కడుపైన నింపుట మేలు. రెండవది వంటకు ముందే జరుగు పని. బియ్యము కొలుచునపుడే ముఖ మెరుగని యొక మనిషికి భాగము కొలిచి యుంచుట అది. శ్రీవైష్ణవ సంప్రదాయములో తదీయారాధనమను మాట గలదు. భగవంతునికి నివేదించిన పిదప భగవంతునివారికి పెట్టుట దాని యర్థము. వచ్చువారు ఎందరో లెక్క లేకున్నను వారికి పెట్టిన పిమ్మటనే గృహస్థు భుజింపవలెనని పెద్దల ఆచారము. సీతమ్మ ఆ మాటను ఏ పండితుని నోట విన్నదో వినలేదో గాని, ఆమె వంటయిల్లు ఆ విధముననే నడచినది. భగవంతునివారు ఎవరను ప్రశ్నకు ఆమె యిచ్చుకొన్న సమాధానము చాల విశాలమైనది: ఆకలిగొన్నవారందరు. ఏ వర్ణమువారు వచ్చినను ఆ యింట అన్నము దొరికెడిది. పంక్తులను గూర్చి, అంటుముట్టులను గూర్చి పట్టింపు లెంతో తీవ్రముగా నున్న ఆ కాలమున, ఆచారవంతమైన బ్రాహ్మణ గృహములో, ఇది చిన్న విషయము కాదు.

తిరుమల కొండమీద యాత్రికులకు అన్నము పెట్టిన తరిగొండ వెంగమాంబ (1730-1817) ను భక్తులెల్ల రెరుగుదురు. ఆమె యోగిని, కవయిత్రి, సంసారమును వీడినది. సీతమ్మ సంసారము నడుమ నుండి అదే పని చేసినది. ఏది కష్టమో చెప్పుట కష్టము.

భూవసతి యెంతటిదైనను దినదినమును పెట్టుచుండగా తరుగకుండునా? కొంతకాలమునకు జోగన్న పంతులుగారి ఆస్తి కరుగసాగెనని, ఇల్లు గడచుటయే ఇబ్బంది యగు స్థితి వచ్చెనని చెప్పుదురు. అప్పుడు ఆయన పొలములో త్రవ్వుచుండగా బంగారు నాణెములు గల బిందె దొరకినదని ఒక కథ. అన్నదానము చేసినవారి చరిత్రలలో ఇట్టి బిందెలు తరచుగా దొరకుచుండును, నమ్మువారు నమ్ముదురు. ఆ కథలో అంతకంటె విలువగల భాగము బిందెకు ముందున్నది. ఆస్తి తరుగుచున్నదని తెలిసియు ఆ దంపతులు వడ్డించు గరిటెను చిన్నది చేయలేదు. ఇంటి యజమాని ఒక్కమారు విసుగుకొన్నను ఆ వ్రతము నిలుచునది కాదు. అన్నము పెట్టిన కీర్తి సీతమ్మకు దక్కినది. ధాన్యము కొలిచి యిచ్చిన జోగన్న పంతులుగారిని లోకము కొంత మరచినది. ఆ కాలమున సాధారణముగా జరుగుదానికి ఇది తలక్రిందు. ఆయన దానికి చింతించినట్లు ఏ కథయు చెప్పదు.

వరదకాలపు ముచ్చట యొకటి ఆ సీమలో వాడుకలో నున్నది. గోదావరి పొంగి లంకలు నీట మునిగిన రాత్రి అవతల నుండి ఎవరో ఆకలిగొని సీతమ్మను పేరు పెట్టి పిలిచినట్లు కేక వినవచ్చెనట. ప్రవాహవేగము చూచి పడవ వేయుటకు అందరు జంకిరి. ఆకలియని పిలిచిన గొంతు వినిపించిన పిదప తలుపు వేసికొని పడుకొనుట తన వలన కాదని ఆమె పట్టుపట్టెను. పడవమీద అన్నము పోయినది, పిలిచినవాడు తిన్నాడు. ఆ చీకటిలో పిలిచినవాడు ఎవరో ఆమె తెలిసికొన కోరలేదు.

ఇక అంతర్వేది మాట.

ఏండ్ల తరబడి ఆమె గడప దాటలేదు. అంతర్వేదికి పోవు వేలమందికి అన్నము పెట్టినదే గాని తాను పోయి స్వామిని కన్నులార చూచినది లేదు. యాత్రికులు తిరుగు ప్రయాణమున వచ్చి కల్యాణ వైభవమును, రథము కదలిన తీరును చెప్పుచుండగా వడ్డించుచు వినెడిది. ఇల్లు విడిచిన యెడల ఆ దినమున వచ్చినవారి గతి యేమి యను శంక ఆమెను కట్టివైచెను. అయినను వయసు పైబడుచున్నది. ఒక్కమారు నృసింహస్వామిని సేవింపవలెనను కోరిక బలపడినది. ఒకనాడు ఎట్టకేలకు పల్లకిలో బయలుదేరెను.

కొంతదూరము పోయిన పిదప బోయీలు అలసట తీర్చుకొన పల్లకిని ఒకచోట దించిరి. అదే సమయమున ఎదురుదారిని పెండ్లివారి గుంపొకటి వచ్చి ఆ ప్రక్కనే విశ్రమించెను. చాలదూరము నడచివచ్చినవారు. పిల్లలు ఆకలికి తాళలేక ఏడ్చుచుండిరి. పెద్దలు వారిని ఊరడించుచు, ఇంక కొద్దిదూరమే యనియు, గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట కడుపునిండ అన్నము దొరకుననియు చెప్పుచుండిరి. పల్లకి తెరలోపల నున్నది ఆ సీతమ్మయే యని వారెరుగరు.

ఆ క్షణమున ఆమె మనసు ఎట్లుండెనో యాత్ర చేయువారెవరైనను ఊహింపగలరు. ఎదుట క్షేత్రమున్నది, జీవితములో ఒక్కమారు కలిగిన అవకాశము. వెనుక ఇల్లున్నది, అచ్చట నేడు తాను లేదు. ఆ పిల్లలు తన పేరు విని ఏడ్పు మానిరి. ఆ పేరును నమ్మి వారు గన్నవరము చేరుదురు, గుమ్మములో నిలుతురు. దర్శనము వాయిదా పడినను స్వామి కోపింపడు. పిల్లల ఆకలి వాయిదాను సహింపదు. ఇంత ఆలోచించినదో లేదో తెలియదు. బోయీలను పిలిచి పల్లకిని వెనుకకు త్రిప్పుమనెను. వారు విస్తుపోయిరి. పెండ్లివారికంటె ముందుగా ఇల్లు చేరి, నడుము బిగించి, పొయ్యి రాజవేసి వంటకు పూనుకొనెను. పెండ్లివారు వచ్చి చేరునప్పటికి ఆకులు వేసియుండెను. వారు తృప్తిగా భుజించి, విశ్రమించి, తమ దారిని పోయిరి. తమకొరకు ఆమె ఏమి వదలుకొని వచ్చినదో ఆనాడు వారికి తెలిసినదా యన్నది కథలో లేదు. కథ చెప్పువారు ఆ పెండ్లివారి పేళ్ళు గాని ఊరు గాని చెప్పరు. సీతమ్మ వంటయింటి కథలలో తిన్నవారికి పేళ్ళుండవు.

అంతర్వేది అర్చకులు ఆ దినమున సీతమ్మ లేకయే స్వామికి నివేదన చేసిరి. గన్నవరములో జరిగిన నివేదన ఎవరికి చెందినదో నృసింహస్వామికే ఎరుక. ఆయన స్తంభము నుండి వెలువడినది ఒక పసివాని పిలుపునకే గదా!

ఆమె కీర్తి గోదావరి దాటి, మదరాసు దాటి ప్రభువుల వరకు పోయినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమును పురస్కరించుకొని 1903 జనవరి 1వ తేదీన ఢిల్లీలో దర్బారు జరిగెను. దానికి సీతమ్మను ఆహ్వానించి గౌరవింప ప్రభుత్వము తలపెట్టెననియు, జిల్లా కలెక్టరు స్వయముగా ఆ యింటికి వచ్చెననియు, కీర్తికొరకు తాను అన్నము పెట్టుటలేదని ఆమె నిరాకరించెననియు ఆ ప్రాంతమువారు చెప్పుదురు. రాకున్నను ఛాయాచిత్రమైన ఇమ్మని కోరగా దానికిని ఒప్పుకొనలేదట. తుదకు చిత్రము తీసికొని పోకున్నచో తన ఉద్యోగమునకే ముప్పు రావచ్చునని ఆ యధికారి విన్నవించుకొనగా, తనవలన ఒకరి బ్రతుకుతెరువు పోరాదని మాత్రమే ఆమె కూర్చుండెనని కథ. చక్రవర్తి ఆ చిత్రమును ప్రక్కన నుంచుకొని సింహాసనమెక్కెనని కొందరు చెప్పుట అభిమానము కొలది చెప్పినది. ఎడ్వర్డు చక్రవర్తి ఆ దర్బారునకు రానేలేదు. కర్జను ప్రభువు దానిని నడపెను. చిత్రము ఎక్కడ నుంచబడినను, ఎవరు నమస్కరించినను, గన్నవరములో మరునాటి ఎసరు ఆగలేదు. అరువది దాటిన ఆ వయసునను ఆమె వడ్డనకు నిలుచుచునే యుండెను.

1909వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన సీతమ్మ పరమపదించెను.

ఆమె శాసనము వేయించుకొనలేదు, నిధి నెలకొల్పలేదు, శిష్యులను చేర్చుకొనలేదు. తిన్నవారి నోట మాత్రము ఆమె పేరు నిలిచినది. గన్నవరము వద్ద కాటన్ నాటి పాత కట్టడమునకు ప్రక్కగా వైనతేయపై కట్టిన క్రొత్త అక్విడక్టునకు 2000 సంవత్సరములో ఆమె పేరు పెట్టిరి. కోనసీమ వరిచేలకు పోవు నీరు ఆ పేరుమీదుగా దాటిపోవుచున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమును డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనమని పిలిచినది. మధ్యాహ్నపు గంట మ్రోగగానే పళ్ళెములు పట్టుకొని వరుస కట్టు బిడ్డలలో ఆమె కథ తెలిసినవారు కొందరే యుందురు. అన్నము వేడిగా నున్నదా, పప్పు మరియొక గరిటె పడునా యన్నది వారి ధ్యాస. బువ్వన్న కూతురు ఎరిగిన బిడ్డలును అట్టివారే.